రెండో జెండాకు ముల్లు

హబ్సిగూడ గల్లీల్లో పడవలు తిరిగిన వరద ఉన్నది గదా, ఆ వరద పోయినంక నాలుగో ఏడు జరిగింది ఇది. ఆ వరదకు తార్నాకలో మా దుకాణంలోకి నీళ్ళు రాలేదు. పైన రేకులు కారినయి. కింద రేకు పెట్టెలో ఉన్న జెండాలన్నీ తడిసి ఒక పార్టీ రంగు ఇంకో పార్టీకి అంటింది. బయట ఆరేసేటివి కావు అవి. షట్టర్ దించి, లోపలనే ఫ్యాన్ కింద రెండు దినాలు ఆరబెట్టిన. ఆ పెట్టె సంగతి నాకు, నా ఇంటిది బుచ్చవ్వకు తప్ప ఎవలకూ ఎరుక లేదు.

నేను జెండాలు కుడుత. యాభై ఏండ్ల సంది అదే పని. పని నేర్పిన ఉస్తాద్ ఒక్కటే చెప్పిండు. ఒంటి జెండా కుట్టొద్దు, జోడు కుట్టాలె. ఒకటి చేతికియ్యాలె, ఒకటి పెట్టెలో పెట్టాలె. ఊరేగింపు నాడు గాలికి చినుగుతది, లారీ కొక్కేనికి తట్టుకుంటది, పొద్దుగాలనే ఉరికొస్తరు. అప్పుడు పెట్టెలోది తీసియ్యాలె. రాత్రికి రాత్రి కుట్టిన అని చెప్పాలె.

జోడు సంగతి మాత్రం నోట రావొద్దు. జెండా మోసేటోళ్ళు ఎంతమందో తగలబెట్టేటోళ్ళు అంతమంది. యాడన్న ఒక జెండా కాలిందంటే ఆ పార్టీవాళ్ళు మొదలు దర్జీ దిక్కే చూస్తరు. ఎవలకు అమ్మినవ్ అని. అన్ని పార్టీలవి తలా ఒకటి నా పెట్టెలో ఉన్నయని తెలిస్తే మళ్ళ నా గడప ఎక్కరు.

ఆ ఏడు వానలు తగ్గినంక ఒక పిల్ల వచ్చింది. పేరు ధరణి అన్నది. వాళ్ళది హబ్సిగూడ, ముందు గోదావరి దిక్కు వాళ్ళంట. యూనివర్సిటీలో రాజకీయాల డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ చేస్తున్నదంట. మా అక్క కొడుకు బాలరాజు అదే డిపార్ట్‌మెంటులో అటెండర్. వాడే దుకాణం చూపించి తోలిండు. ఆమె పెట్టె మీద కూసున్నది. ఫోన్ నా కండ్ల ముందర పెట్టింది. అందులో జెండాలు. ఒకటి కూడా నేను చూసింది కాదు.

"ఏ పార్టీవి?" అన్న.

"ఒక పార్టీవి కాదు తాతగారూ. దేశదేశాల్లో ఒకే రకం ఆలోచన ఉన్న పార్టీలు కలిసి కూటములు పెట్టుకుంటాయి. వాటి గుర్తులివి. ఈ పిడికిలీ గులాబీ సోషలిస్టు పార్టీల కూటమిది. మొదట ఒక దేశంలో పార్టీ గీయించుకుంది, నచ్చి మిగతావాళ్ళు తీసుకున్నారు. ఈ పొద్దుతిరుగుడు పువ్వు పర్యావరణం పార్టీలది. ఇలాంటివి మొత్తం ఐదు కావాలి."

"ఎవలు పట్టుకుంటరు?"

"ఎవరూ పట్టుకోరు. గోడకి వేలాడదీస్తాం."

"ఊరేగింపు?"

"లేదండీ."

"మీటింగు?"

"అబ్బే. ఎగ్జిబిషన్. పిల్లలు వచ్చి చూస్తారు."

మోసేటోడు లేని జెండా నా బతుకులో రాలేదు. నాకు మనసున పట్టలేదు. ఒకసారి ముక్కూ మొకం తెలియనోడికి కుట్టిచ్చి రెండు దినాలు పోలీస్ స్టేషన్‌లో గోడకు ఆనుకుని కూసున్న. అప్పటి సంది ఎవలు, ఎందుకు అని అడగంది గుడ్డ మీద కత్తెర పెట్ట. ఈ పిల్లనేమో అడిగినదానికల్లా జవాబు చెప్తున్నది. పోలీసోళ్ళు పంపిన మనిషి కూడా గట్లనే చెప్తది.

"ఇన్ని దేశాలోళ్ళు ఒక్క తాన కలుస్తరా?" అన్న.

"కలుస్తారు. ఏటా మీటింగులు కూడా పెట్టుకుంటారు."

"గీడ ఒక గల్లీలో ఇద్దరు కలుస్తలేరు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

బాలరాజును పిలిపించి అడిగిన. "మంచి పిల్ల మామా, నువ్వు ప్రతోన్ని దొంగను చూసినట్టే చూస్తవ్" అన్నడు. డిపార్ట్‌మెంటు కాగితం, ముద్ర తెచ్చి చూపించిండు. నేను మూడో తరగతి దాకనే చదివిన. ముద్ర చదవొస్తది. ఒప్పుకున్న.

పిడికిలి జెండా దగ్గర చెయ్యి ఆగింది. ఎర్ర గుడ్డ మీద తెల్ల పిడికిలి, అందులో గులాబీ, పచ్చటి కాడ. గులాబీ కాడను గట్టిగ పిడికిట పడితే ముల్లు దిగుతది. బొమ్మలో ముల్లు లేదు. ధరణి చూడనీకి వచ్చిన నాడు అడిగిన.

"ముల్లు ఏది బిడ్డా?"

"బొమ్మలో లేదుగా తాతగారూ."

"గులాబీకి ముల్లుండదా?"

"ఉంటుంది. కానీ వాళ్ళు గీయలేదు. ఉన్నది ఉన్నట్టే కుట్టాలి, లేకపోతే మా సార్ నన్ను కుడతాడు."

ఉన్నది ఉన్నట్టే కుట్టిన. అది ఆమెది. జోడుది మాత్రం నాది. ఎవలు చూసేది? ఎప్పుడు కూడా జోడు జెండా మూలకు ఒక ముడి వేస్త, ఏది ఏదో తెలవాలె గనుక. బొమ్మ గీత పొడుగూత సూదితో బొక్కలు పొడిచిన కాగితం ఒక్కటే ఉంటది, దాని మీద పొడి రుద్దితే రెండు గుడ్డల మీదికీ అదే గీత దిగుతది, కండ్లకు తేడా దొరకదు. ఈసారి ముడి వెయ్యలేదు. గులాబీ కాడకు నల్ల దారంతో ఒక ముల్లు కుట్టిన. మడతపెట్టి పెట్టెలో అన్నిటికంటె పైన పెట్టిన.

ఐదు జెండాలు డిపార్ట్‌మెంటు ఎగ్జిబిషన్ హాలులో కట్టింది బాలరాజే. తాళంచెవి వాని నడుముకే ఉంటది. పన్నెండేండ్ల సంది కాంట్రాక్టు మీద చేస్తుండు. పర్మనెంట్ చేసేటోళ్ళ లిస్టులో ఈసారి వాని పేరు ఎక్కింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా వాడు తాళంచెవి తడుముకుంటడు.

ఎగ్జిబిషన్ మొదటినాడు నేను కూడ పోయి చూసిన. జెండాలు గోడకు కదలకుంట ఉన్నయి. పిల్లలు ఫోటోలు దిగుతుండ్రు. సెక్యూరిటీ ఆఫీసర్ నరహరి అని ఒకాయన, మీసం దువ్వుకుంట, నన్ను కిందికీ మీదికీ చూసిండు. "ఎవలు నువ్వు? ఎవలి తాలూకు?" అన్నడు. నేను ఎవలి తాలూకూ కాదని చెప్పిన. దానికి ఇంకింత సేపు చూసిండు.

మూడోనాడు పగలు బాలరాజు దుకాణానికి వచ్చిండు. డ్యూటీ ఉన్న టైమది. నడుముకు తాళంచెవి లేదు.

"నరహరి సార్ తీసుకున్నడు మామా. రేపు పదింటికి ఎంక్వైరీ కమిటీ ఉన్నదంట. ఇగ పనికి రావొద్దంటరు, లిస్టుల పేరు కొట్టేస్తరు."

"ఏం జేసినవ్?"

"ఏం చెయ్యలే. నిన్న పొద్దుగాల హాస్టల్ నీళ్ళ కోసం స్టూడెంట్ సంఘమోళ్ళు ఊరేగింపు తీసిండ్రు గదా, క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాక. అందుల ఈ పిడికిలి గులాబీ జెండా పట్టుకుని ఉరికిండ్రు. ఫోటో అందరి ఫోన్లకు పోయింది. ఎదుటి సంఘమోళ్ళు, చూడుండ్రి, వీళ్ళ వెనక విదేశమోళ్ళు ఉన్నరు అంటుండ్రు. వీళ్ళేమో అది మా జెండా కాదు, మమ్ముల బద్నాం చెయ్యనీకి ఎవలో మా మధ్యల దూర్చిండ్రు అంటుండ్రు."

"మధ్యల నీకేంది?"

"గసువంటి జెండా ఊరు మొత్తం మీద ఒక్కటే ఉన్నది, అది హాలుల ఉన్నది, హాలు తాళం నా తాన ఉన్నది. పొద్దుగాల తీసిచ్చి, ఊరేగింపు అయినంక మళ్ళ తెచ్చి కట్టినవ్ అంటుండు నరహరి సార్. ఎవలు చెప్తే చేసినవో పేరు చెప్పు అంటుండు."

నేను మిషన్ ఆపిన. వాని మొకం దిక్కు చూసిన. వీడు చిన్నప్పుడు మా మేకుకు వేలాడిన జెండా ఎత్తుకపోయి గాలిపటం చేసిండు. అది యాదికొచ్చింది.

"నిజం చెప్పు. ఇచ్చినవా?"

బాలరాజు లేచి నిలబడ్డడు. "మామా. నరహరి సార్ అడిగిండంటే అడిగిండు. నువ్వు గూడనా?"

వాడు ఫోన్ తీసి నా చేతిలో పెట్టిండు. "ఇగో, చూడు. నువ్వు కుట్టిందే గదా. నువ్వే చెప్పు."

అద్దాలు పెట్టుకున్న. వేలితో పెద్దగ చేసి చూపించిండు వాడు. ఎర్ర గుడ్డ, తెల్ల పిడికిలి, గులాబీ. కాడ మీద నల్లగ ఒక గీత. వాడు దాన్ని దారప్పోగు అనుకుంటడు. అందరూ అట్లనే అనుకుంటరు.

అది నా ముల్లు.

"చెప్పు మామా. హాలుదేనా?"

"సరిగ కనబడ్తలేదు" అన్న.

వాడు ఫోన్ గుంజుకుని పోయిండు. చెప్పులు సగం తొడుక్కునే పోయిండు.

షట్టర్ సగం దించి పెట్టె తెరిచిన. పైన గులాబీ జెండా లేదు. కిందివన్నీ ఉన్నయి, వరద మరకలతోని. తాళం పగలలేదు. నాకు మొదలు యాదికొచ్చింది ధరణి. వచ్చినప్పుడల్లా కూసున్నది ఈ పెట్టె మీదనే. నేను చాయ్‌కి పోయినప్పుడు కూడ కూసున్నది. ప్రతిదానికి జవాబు తయారుగ ఉన్న పిల్ల. ముల్లు లేదని చెప్పింది కూడ ఆమెనే.

సాయంత్రం ఆమెనే వచ్చింది. ఈసారి పెట్టె మీద కూసోలేదు. నిలబడే మాట్లాడింది.

"తాతగారూ, బాలరాజు గారి విషయం తెలిసింది కదా?"

"తెలిసింది."

"మా సార్‌కి చెప్పాను, ఆయన అలాంటివాడు కాదని. నరహరిగారు నన్నూ అడిగారు, ఈ ఎగ్జిబిషన్ పెట్టమని నీకు ఎవరు చెప్పారని. మా నాన్నకి ఫోన్ చేసి మరీ అడిగారు. నాన్న బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారండీ, ఆయనకి పార్టీ అంటే పుట్టినరోజు పార్టీయే తెలుసు." ఫోన్‌లో ఫోటో తెరిచింది. "మీరు ఇంకోటి కుట్టారా?"

"లేదు."

"ఫోటోలో కాడకి ముల్లుంది. హాల్లో ఉన్నదానికి లేదు. ఇందాకే వెళ్ళి చూసొచ్చాను. ముల్లు గురించి అడిగినవాళ్ళు మీరొక్కరే."

నా చేతిలో కత్తెర ఉన్నది. దాన్ని బల్ల మీద పెట్టిన.

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పలేదు. నేను చెబితే ఎవరు నమ్ముతారు? దారం వేలాడుతోందంటారు. పైగా నేనూ అనుమానంలో ఉన్నదాన్నే. మీరు చెబితే వేరు."

"పెట్టెల నుంచి నువ్వు తీసినవా?" అన్న. నోట్లకు వచ్చేసింది.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత పెట్టె దిక్కు చూసింది. మొకం ఎర్రబడ్డది. "పెట్టెలో ఏముందో నాకు ఇప్పుడే తెలిసింది" అన్నది. "రేపు పదింటికి కమిటీ. వెళ్ళొస్తాను."

అట్ల పెట్టె సంగతి నా నోటితోని నేనే బయటపెట్టుకున్న.

ఇంటికి పోయి అన్నం ముందర కూసున్న. కలిపిన అన్నం కలిపినట్టే పెట్టిన. బుచ్చవ్వ చూసింది.

"ఏంది, ఎవలి మీద పడ్డది ఇయ్యాల నీ అనుమానం?"

"పెట్టెల జెండా పోయింది."

"ఏది?"

"ఎర్రది. పిడికిలిది."

"పోలేదు. నేనే ఇచ్చిన గదా."

నేను తల ఎత్తిన.

"నిన్న నువ్వు గుడ్డ కోసం పత్తర్‌గట్టి పోయినవ్ గదా, ఆ పొద్దుగాల. శామ్యూల్ ఉరికొచ్చిండు, ఆ సంఘం పిలగాండ్ల లీడర్. అవ్వా, మా జెండా చినిగింది, ఊరేగింపు నడిచింది, ఇంకోటి ఉంటె ఇయ్యి అన్నడు. ఎసువంటిది అన్న. ఎర్రది, తెల్ల పిడికిలిది అన్నడు. పెట్టె తీసిన, పైన్నే ఉండె ఎర్రది, తెల్ల పిడికిలి. మడత మీదనే ఇచ్చిన, మడత మీదనే పట్టుకుని ఉరికిండు. నువ్వే గద చెప్పింది, ఉరికొస్తె పెట్టెలది తీసియ్యి అని?"

శామ్యూల్ వాళ్ళ జెండా కూడ ఎర్రదే. తెల్ల పిడికిలే. పిడికిట పెన్ను ఉంటది, గులాబీ కాదు. దాని జోడు ఆ పెట్టెలోనే రెండు మడతల కింద ఉన్నది. తేడా చూస్తే పువ్వంత.

"పిడికిట ఏమున్నదో చూడలే?"

"నాకేమెరుక? పిడికిలంటే పిడికిలి. నీకు కుట్టొస్తది గనుక పువ్వు కనబడ్తది." ఆమె నా కంచం దిక్కు చూసింది. "ఏమైంది? ఎందుకట్ల చూస్తున్నవ్?"

చెప్పిన. బాలరాజు, తాళంచెవి, లిస్టు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"పొద్దటి సంది ఎవలెవలి మీద పడ్డవ్?"

"బాలరాజు. ఆ పిల్ల."

"యాభై ఏండ్లు లోకమంత అనుమానపడి, నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టినవ్. చేసిందేమో నేను." నవ్వబోయి ఆపుకున్నది. "రేపు పోయి చెప్పుమరి."

"చెప్తే పెట్టె సంగతి చెప్పాలె."

"చెప్పు."

"అన్ని పార్టీలోళ్ళకు తెలుస్తది. యూనివర్సిటీల తెలిస్తే మాపటికి తార్నాక మొత్తం తెలుస్తది. ఎన్నికలొస్తున్నయి. ఒక్కడు రాడు."

"రారు" అన్నది బుచ్చవ్వ. "బాలరాజు నీ అక్క కొడుకు. పన్నెండేండ్లు. నువ్వేమో ఫోటో కనబడ్తలేదంటివి వానికి." కంచం తీసుకుని లోపలికి పోయింది.

అప్పుడు మనసులో ఇంకొకటి కూడ వచ్చింది, దాచను. శామ్యూల్ చెప్తడేమో, వానికి ఎరుకే గదా ఎవలిచ్చిండ్రో, నేను ఆగితే వానంతట వాడే చెప్తడేమో అని. కానీ వాడు నోరు తెరిస్తే వాని సంఘం తప్పైతది. వాడు చెప్పడు. వాని జాగల నేనున్నా చెప్పను.

తెల్లారి తొమ్మిదింటికి ఆటో పిలిచి పెట్టె ఎక్కించిన. ఆటోవాడు "ఏముంది తాతా, గింత బరువు?" అన్నడు. ఇంకో దినం అయితే అబద్ధం చెప్తుంటి. "జెండాలు" అన్న.

కమిటీ గది ముందర బాలరాజు బల్ల మీద కూసుని ఉన్నడు. నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. ధరణి గోడ దగ్గర ఉన్నది. పెట్టెను చూసి తలుపు తెరిచి పట్టుకున్నది.

లోపల నరహరి, ఇద్దరు సార్లు. పెట్టె నడిమిట్ల పెట్టి మూత తెరిచిన. ఒక్కొక్కటి తీసి టేబుల్ మీద పరిచిన. నరహరి లేచి నిలబడ్డడు.

"ఇన్ని పార్టీలవి నీ తాన ఎందుకున్నయి? ఎవలు పెట్టుమన్నరు?"

"మా ఉస్తాద్."

"ఎవడా ఉస్తాద్? యాడుంటడు? పిలిపియ్."

"సచ్చి ముప్పై ఏండ్లాయె సార్."

ఒక సార్ దగ్గు వచ్చినట్టు రుమాలు పెట్టుకున్నడు. నేను జోడు సంగతి చెప్పిన. శామ్యూల్ వాళ్ళ పెన్ను జెండా తీసి చూపించిన, ఇది ఇయ్యబోయి అది ఇచ్చినం అన్న. బుచ్చవ్వ పేరు చెప్పలేదు, ఇచ్చినం అన్న. హాలు జెండా తెప్పియ్యిండ్రి అన్న. ధరణి తెచ్చి పరిచింది, పక్కన ఫోన్‌లో ఫోటో పెద్దగ చేసి పెట్టింది. ముల్లు లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. నరహరి చానా సేపు వంగి చూసిండు. గోరుతో కాడను గీకి కూడ చూసిండు.

"ముల్లు ఎందుకు కుట్టినవ్?" అన్నడు.

"గులాబీకి ఉంటది గనుక."

"రాసియ్యి" అన్నడు. ధరణి రాస్తానన్నది. నేనే రాసిన. 'గులాబి జెండాలు రెండు కుట్టిన. ఒకటి హాలుది. ఒకటి నాది. ఊరేగింపుల పోయింది నాది. బాలరాజు ఇయ్యలేదు. రాజలింగు.' అంత రాయనీకి పావుగంట పట్టింది. ఎవలూ తొందర చెయ్యలేదు.

నరహరి నా పేరు, ఇంటి నంబరు పుస్తకంలో ఎక్కించుకున్నడు. పిలిస్తే రావాలె అన్నడు. తర్వాత సొరుగు గుంజి తాళంచెవి టేబుల్ మీద పెట్టిండు. బాలరాజు తీసుకుని నడుముకు కట్టుకున్నడు. పెట్టెకు ఒక దిక్కు వాడు పట్టిండు, ఒక దిక్కు నేను. గేటు దాక మోసినం. ఆటోలో పెట్టినంక "అత్తకు చెప్పు, ఆదివారం వస్తా" అన్నడు.

దుకాణం తెరిచిన. ఎదురుంగ చాయ్ బండి కాడ రెండు పార్టీలోళ్ళు ఉన్నరు, సంగతి నాకంటె ముందే వచ్చినట్టున్నది. కరెంటు స్తంభం నుంచి షట్టర్ దాక తాడు కట్టిన. పెట్టెలో నుంచి జెండాలు తీసి ఒక్కొక్కటి దులిపి ఆరేసిన. బుచ్చవ్వ క్లిప్పులు అందిచ్చింది. ఎండకు వరద మరకలు బాగ కనబడ్డయి.